ఋగ్వేదం 1.32.1లోని ఐదు క్రియలు: పాణిని విడదీసే దారి, చరిత్ర నడిచిన దారి

కొత్తపాఠి
అందరికీ నమస్కారం. ఇంద్రసూక్తం మొదటి ఋక్కు ఇది:

ఇంద్రస్య ను వీర్యాణి ప్ర వోచం యాని చకార ప్రథమాని వజ్రీ ।
అహన్నహిమన్వపస్తతర్ద ప్ర వక్షణా అభినత్పర్వతానామ్ ॥

ఇందులో వోచమ్, చకార, అహన్, తతర్ద, అభినత్ అని ఐదు క్రియలున్నాయి. నా సందేహాలు మూడు. ఒకటి, వోచమ్‌కు ముందు భూతకాల క్రియ మొదట చేరే అట్ ఆగమం (అ-) ఎందుకు లేదు? అది ఛందస్సు కోసం రాలిపోయిందని ఒకచోట చదివాను. రెండు, చకారలో దీర్ఘం ఉంటే తతర్దలో ఎందుకు లేదు? రెండూ లిట్ (ఒక భూతకాలం) ప్రథమ పురుష ("అతడు") ఏకవచనాలే కదా. మూడు, జరిగిపోయిన ఒక్క కథ చెప్పడానికి ఇన్ని భూతకాలాలు ఎందుకు? గ్రీకు, లాటిన్ వైపు నుంచి చూస్తే వీటికి జవాబు దొరుకుతుందా?

శ్నమ్‌విధి
దొరుకుతుందండీ. ఇంత చిన్న ఋక్కులో ఇన్ని రకాల క్రియారూపాలు ఒకేచోట ఉండటం అరుదు. విడదీసేటప్పుడు వరస తప్పకపోతే సగం చిక్కులు వాటంతటవే విడిపోతాయి.

మొదట సంధి విప్పి పదపాఠం రాసుకోండి. "అహన్నహిమ్"లోని రెండో న సంధి వల్ల వచ్చింది. హ్రస్వం తర్వాత పదం చివరి నకారం అచ్చు ముందు ద్విత్వమవుతుంది (8.3.32; ఇలా బ్రాకెట్లలోని అంకెలు పాణిని అష్టాధ్యాయి సూత్రాలవి). దాన్ని ధాతువులో కలిపితే మొదటి అడుగే తప్పుతుంది. తర్వాత ఉపసర్గలను వాటి క్రియల దగ్గరికి చేర్చండి: ప్ర + వోచమ్, అను + తతర్ద, ప్ర + అభినత్. వేదంలో ఉపసర్గకూ క్రియకూ మధ్య వేరే పదాలు రావచ్చు (1.4.82). "ప్ర వక్షణా అభినత్" అలాంటిదే. హోమర్ గ్రీకులోనూ ఇదే స్వేచ్ఛ కనిపిస్తుంది. ఉపసర్గలు మొదట విడి పదాలేనని చెప్పడానికి రెండు భాషలూ సాక్ష్యమే.

మూడోది స్వరం. దీన్ని చాలామంది వదిలేస్తారు. వాక్యం మధ్యలో ప్రధాన క్రియ నిఘాతం, అంటే అనుదాత్తం (8.1.28). యత్ శబ్దంతో మొదలైన ఉపవాక్యంలో ఆ నిఘాతం ఉండదు (8.1.66). అందుకే "యాని చకార"లో కా మీద ఉదాత్తం వినిపిస్తుంది. పాదం మొదట్లో ఉంది కాబట్టి అహన్‌కూ స్వరం ఉంది. తతర్ద, అభినత్, వోచమ్‌లకు లేదు. స్వరం లేని అచ్చు పుస్తకంతో మొదలుపెడితే, ధాతువులో అచ్చు ఎందుకు మారుతుందో చెప్పే ముఖ్యమైన ఆధారం చేజారుతుంది.

ఆ తర్వాతే ప్రత్యయం, ఆగమం, అభ్యాసం (ధాతువు మొదలును రెండోసారి పలకడం, చకారలో చ), వికరణం (ధాతుగణాన్ని బట్టి చేరే గుర్తు) ఒక్కొక్కటిగా తీసేయాలి. మిగిలింది ధాతువు.

అన్నట్టు, మన లిపిలో హ్రస్వ ఎ, హ్రస్వ ఒ ఉండటం ఈ పనికి పెద్ద వరం. మూల ఇండో-యూరోపియన్ (సంస్కృతం, గ్రీకు, లాటిన్ లాంటి వాటికి మూలమైన భాష) రూపాలు మామూలు తెలుగు అక్షరాలతోనే రాసుకోవచ్చు. సంస్కృతంలో ఎ, ఒ, అ మూడూ కలిసిపోయి "అ" అయ్యాయి. గ్రీకు మూడింటినీ విడిగా నిలుపుకుంది. * గుర్తు పెడితే అది ఎక్కడా రాతలో దొరకని, ఊహించి కట్టిన రూపం. హ₁, హ₂, హ₃ అంటే తర్వాత చాలా భాషల్లో మాయమైన మూడు కంఠ్య హల్లులు.

లిట్‌పాఠి
రెండో ప్రశ్నకు పాణిని జవాబు ముందు చెప్పుకుందాం. లిట్ ప్రథమ ఏకవచనానికి ణల్ ఆదేశం (3.4.82). ణ ఇత్తు (రూపంలో మిగలని గుర్తు అక్షరం) కాబట్టి అచ్చు చివరున్న కృ ధాతువుకు వృద్ధి (ఋ → ఆర్) వస్తుంది (7.2.115): కార్. తృద్‌లో ఋ చివర లేదు, ఉపధలో (చివరి వర్ణానికి ముందు) ఉంది. దానికి గుణమే (ఋ → అర్) (7.3.86): తర్ద్. రూపాలు సాధించడానికి ఇది చాలు.

ఇక చరిత్ర చూడండి. రెంటిలోనూ ధాతువు అచ్చు ఒకటే, హ్రస్వ ఒ:

*క్వె-క్వొర్-ఎ → చకార
*తె-తొర్ద్-ఎ → తతర్ద

తెరిచిన అక్షరంలో, అంటే ఒ తర్వాత ఒకే హల్లు, దాని వెంటనే అచ్చు ఉన్నచోట, ఈ ఒ సంస్కృతంలో ఆ అయింది. రెండు హల్లులు అడ్డుపడితే అ దగ్గరే ఆగింది. కా-ర తెరిచిన అక్షరం, తర్-ద మూసిన అక్షరం. కార్ల్ బ్రూగ్మన్ 1876లో గమనించిన సూత్రం ఇదే. గ్రీకులో దెదొర్క ("చూస్తున్నాను") అనే రూపం ఉంది, మన దదర్శకు తోబుట్టువు. అక్కడ ఒ చెక్కుచెదరకుండా కనిపిస్తుంది.

అభ్యాసంలోని చకారం కూడా సాక్ష్యమే. క అభ్యాసంలో చ అవుతుందని పాణిని నియమం పెట్టాడు (7.4.62), కారణం చెప్పాల్సిన అవసరం ఆయనకు లేదు. కారణం అభ్యాసపు అచ్చు ఎ కావడం. ఎ ముందు కంఠ్యం తాలవ్యమైంది, ఒ ముందు కాలేదు. తర్వాత రెండు అచ్చులూ అ-వర్ణంలో కలిసిపోయినా హల్లులు ఆ పాత తేడాను దాచిపెట్టుకున్నాయి.

కొత్తపాఠి
ఇది చాలా బాగుందండీ. మరి ఉత్తమ పురుషలో "చకర, చకార" రెండూ ఒప్పని చదివాను. అక్కడా అక్షరం తెరిచే ఉంది కదా, చ-క-ర. మరి హ్రస్వం ఎలా వచ్చింది?

లిట్‌పాఠి
అసలు కీలకం అక్కడే ఉంది. సూత్రం "ణలుత్తమో వా" (7.1.91): ఉత్తమ పురుష ణల్ వికల్పంగా ణిత్తు. చరిత్రలో ఉత్తమ ప్రత్యయం ఉత్త ఎ కాదు, హ₂ఎ:

నేను: *క్వె-క్వొర్-హ₂ఎ → చకర
అతడు: *క్వె-క్వొర్-ఎ → చకార

ర్ తర్వాత హ₂ ఉన్నంతకాలం అక్షరం మూసే ఉంది, కాబట్టి దీర్ఘం రాలేదు. దీర్ఘం రావాల్సిన కాలం దాటిపోయాక హ₂ మాయమైంది. పాత వేదభాషలో ఉత్తమంలో దాదాపు ఎప్పుడూ హ్రస్వమే. ప్రథమ పురుషను చూసి "నేను"కు కూడా చకార వాడటం తర్వాతి మాట. పాణిని నాటికి రెండూ వాడుకలో ఉన్నాయి కాబట్టి "వా" అన్నాడు. ఆ ఒక్క "వా" వెనక, ఎవరూ వినని ఒక హల్లు ఉంది.

హిత్తిపలక
ఎవరూ వినని హల్లే, కానీ మట్టి పలకల మీద రాసి ఉంది. స్విస్ భాషావేత్త సొస్సూర్ 21 ఏళ్ల వయసులో, 1878 చివర్లో, కేవలం అచ్చుల లెక్క కుదరడం కోసం ఈ ధ్వనులు ఉండి తీరాలన్నాడు. హ్రోజ్నీ 1915లో హిత్తైటును (నేటి టర్కీ ప్రాంతపు ప్రాచీన భాష) చదివి, అది ఇండో-యూరోపియన్ భాషేనని తేల్చాడు. 1927లో కురిలోవిచ్ హిత్తైటులో రాసి ఉన్న ఖ లాంటి హల్లు సొస్సూర్ లెక్కలోని చోట్లలోనే కూర్చుందని చూపాడు. హిత్తైటులో ఒక క్రియావర్గానికి "నేను" ప్రత్యయం -ఖి: దాఖ్ఖి, "తీసుకుంటాను".

శ్నమ్‌విధి
సొస్సూర్ ఆ లెక్క తీసింది అభినత్ లాంటి రూపాల నుంచే. ఐదో క్రియ దగ్గర కాస్త ఆగాలి.

అభినత్ = అ + భి-న-ద్ + త్. వికరణం ధాతువు తర్వాత రాలేదు, ధాతువు మధ్యలోకి చొరబడింది. పాణిని ఎంత సూక్ష్మంగా పట్టుకున్నాడో చూడండి. రుధాదులకు (రుధ్‌తో మొదలయ్యే ధాతుగణానికి) శ్నమ్ అనే వికరణం (3.1.78). చివరి మ్ ఇత్తు. మిత్తు అయినదేదైనా చివరి అచ్చు తర్వాత చేరాలి (1.1.47). భిద్‌లో ఉన్న అచ్చు ఇ ఒక్కటే, దాని తర్వాత న: భి-న-ద్. బలమైన రూపం భినత్తి, బలహీన రూపం భిందంతి. మూలంలో *భి-నె-ద్-తి, *భి-న్-ద్-ఎంతి. లాటిన్ ఈ బలాబలాల తేడాను వదిలేసింది. బలహీన రూపమే అంతటా పరచుకుని ఫిందిత్, ఫిందుంత్ అయ్యాయి. యునక్తి/యుంజంతి పక్కన లాటిన్ యుంగిత్ కూడా అంతే.

ఇప్పుడు తొమ్మిదో గణం, అంటే శ్నా వికరణం చేరే ధాతువులు. యు-న-క్-తి పక్కన పు-నా-తి రాయండి. రెండూ ఒకే అచ్చులో పోసినవైతే, యునక్తిలో న తర్వాత ధాతువు చివరి హల్లు క్ ఉన్నట్టు, పునాతిలోనూ న తర్వాత ధాతువు చివరి హల్లు ఒకటి ఉండాలి: పు-న-హ-తి. ఆ హల్లు పోతూ ముందున్న అచ్చును దీర్ఘం చేసింది, "నా" వచ్చింది. అదే హల్లు పూతలో ఉ-ను ఊ చేసింది. హల్లుల మధ్య పడితే ఇ అయింది. మనం రోజూ అనే "పవిత్రం"లోని ఇ అదే. పాణిని సేట్ (ఇ చేరేవి), అనిట్ (ఇ చేరనివి) అని ధాతువులను రెండు కుప్పలు చేశాడు కదా. సేట్ ధాతువులంటే మొత్తం మీద చివర ఈ కంఠ్య హల్లు ఉన్నవే. అయితే శ్నా విడి ప్రత్యయం, శ్నమ్ మధ్యలో చొరబడేది అని పాణిని చెప్పింది తప్పు కాదు. ఆయన కాలపు భాషలో ఆ హల్లు లేదు, ఉన్న భాషకు అదే సరైన వర్ణన.

వెర్నర్‌గీత
స్వరం సంగతి వచ్చింది కాబట్టి జర్మానిక్ (ఇంగ్లీషు, జర్మన్ లాంటి భాషల కుటుంబం) వైపు నుంచి ఒక సాక్ష్యం. లిట్ ఏకవచనంలో ఉదాత్తం ధాతువు మీద (చకార), బహువచనంలో ప్రత్యయం మీద (చక్రుః). స్వరం పోయిన ధాతువు తన అచ్చును కోల్పోయింది: కార్ → క్ర్. ఇదే కదలిక ఇంగ్లీషులోని "వాజ్, వర్" (was, were) జంటలో ఇప్పటికీ ఉంది. ఆ ధాతువు మన వస్ ("నివాసం"లోది). వాజ్ అనేది ఉవాస రూపానికి చుట్టం, వర్ ఊషుః వైపుది. స్వరం ధాతువు మీద ఉన్నప్పుడు స అలాగే నిలిచింది. స్వరం ప్రత్యయం మీదకు జరిగినప్పుడు స కాస్తా జ లాంటి ధ్వనిగా మారి చివరికి ర అయింది. డెన్మార్క్ పండితుడు కార్ల్ వెర్నర్ 1875లో దీన్ని పట్టింది వైదిక స్వరంతో పోల్చే. వైదికులు స్వరాన్ని కాపాడకపోతే ఇంగ్లీషులో ఈ ర ఎందుకుందో తేల్చడం చాలా కష్టమయ్యేది.

అకారాంతం
ఒక చిన్న హెచ్చరిక. పోలిక కనిపిస్తే చాలు చుట్టరికం కలిపేయకండి. లాటిన్ హబేరె, జర్మన్ హాబెన్ రెండింటికీ అర్థం "కలిగి ఉండటం", కానీ ఒక ధాతువు కాదు. జర్మానిక్‌లో హ పాత క నుంచి వచ్చింది కాబట్టి హాబెన్‌కు లాటిన్ చుట్టం కపెరె ("పట్టుకోవడం").

గాథాయస్న
మొదటి ప్రశ్న ఇంకా మిగిలే ఉంది: వోచమ్‌కు అ- ఎందుకు లేదు.

"ఛందస్సు కోసం రాలింది" అనే జవాబు దిశలోనే తప్పు. ఉన్నది రాలడం కాదు, లేనిది తర్వాత చేరడం. అ- ఆగమం సంస్కృతం, ఇరానీ భాషలు, గ్రీకు, అర్మేనియన్, ఫ్రిజియన్‌లలో మాత్రమే ఉంది. అభరత్ = గ్రీకు ఎఫెరె = అర్మేనియన్ ఎబెర్. లాటిన్‌లో, జర్మానిక్‌లో, స్లావిక్‌లో, హిత్తైటులో దీని జాడ లేదు. ఉన్న చోట కూడా ఋగ్వేదంలో, హోమర్‌లో ఐచ్ఛికం. అది ఒకప్పుడు "అప్పుడు" లాంటి అర్థమున్న విడి పదమై ఉండాలి. పాణిని సూత్రమే దానికి ఊతమిస్తుంది: "లుఙ్‌లఙ్‌లృఙ్‌క్ష్వడుదాత్తః" (6.4.71), అట్ వస్తే ఉదాత్తంతోనే వస్తుంది. గ్రీకులోనూ స్వరం ఆగమాన్ని దాటి ఉపసర్గ మీదకు వెనక్కి పోదు.

భూతకాలాన్ని మొదట చూపింది ఆగమం కాదు, ప్రత్యయం చివర ఇ లేకపోవడం. హంతి/అహన్ జంట చూడండి. మూలంలో -త్ అంటే "అతడు" అంతే, కాలం లేదు. దానికి ఇ చేరిస్తే "ఇప్పుడు": -తి. ఇక్కడ పాణిని, చరిత్ర ఎదురెదురు దిశల్లో నడుస్తారు. పాణిని "తి" ప్రత్యయమైన తిప్‌తో మొదలుపెట్టి, ఙిత్ (ఙ గుర్తున్న లఙ్, లుఙ్ లాంటి) లకారాల్లో "ఇతశ్చ" (3.4.100) అని ఇ తీసేస్తాడు. చరిత్ర -త్‌తో మొదలై ఇ చేర్చుకుంది. ఒకే గీతను రెండు కొసల నుంచి గీసినట్టు. లోపం అని కనిపించిన ప్రతిచోటా "ఇది నిజంగా పోయిందా, లేక మొదట్లో లేనేలేదా?" అని అడగాలి. "శ్నసోరల్లోపః" (6.4.111) అస్తి-సంతిలో అ పోతుందంటుంది. ఆ లోపం నిజం: *హ₁ఎస్-తి, *హ₁స్-ఎంతి. "ఇతశ్చ" చెప్పే లోపం చరిత్రలో జరగలేదు.

హిత్తిపలక
పై మాటకు హిత్తైటు నుంచి నేరుగా జత దొరుకుతుంది, అదీ ఇదే హన్ ధాతువుతో. వర్తమానం కుఎన్‌జి, "చంపుతాడు", బహువచనం కునన్‌జి. మన హంతి, ఘ్నంతి. భూతం కుఎంత. జి అన్నది పాత తి, ఇ ముందు త మారింది. ఆగమం లేకుండా, ఇ ఉందా లేదా అన్న తేడాతోనే రెండు కాలాలూ చెప్పేశారు.

హంతిలో హ, ఘ్నంతిలో ఘ ఎందుకన్నదానికీ జవాబు ఇక్కడే: *ఘ్వెన్-తిలో ఎ ముందు తాలవ్యమై చివరికి హ, *ఘ్వ్న్-ఎంతిలో న ముందు మారకుండా ఘ. పాణిని హ-ను ఘ చేస్తాడు (7.3.54), చరిత్రలో ఘ హ అయింది. మళ్లీ దిశ తిరగబడింది.

గాథాయస్న
పాత ఇరానీ మతగ్రంథం అవెస్తాలో హోమ్ యష్ట్ (యస్న 9.8) కూడా ఇదే కథ చెబుతుంది: "జనత్ అజీమ్". మన "అహన్ అహిమ్"కు ఒక్కో మాటా సరిపోతుంది, అక్కడ ఆగమం లేదు. (అజీ దహాక పేరే తర్వాత పారసీకంలో జహాక్ అయింది.)

ఇక వోచమ్. ఆగమం లేని ఇలాంటి రూపానికి కాలం ఉండదు, పనిని పేరుపెట్టి ప్రస్తావించడమే దాని పని. "ప్ర వోచమ్" అంటే "చెప్పాను" కాదు, "ఇదిగో చాటుతున్నాను". లౌకిక సంస్కృతంలో ఇది "వద్దు" అనే అర్థమున్న మాఙ్‌తో మాత్రమే మిగిలింది (3.3.175, 6.4.74). గీతలో "మా శుచః", "మా స్మ గమః" అన్నవి ఆ కోవలోవే. వేదంలో మాఙ్ లేకపోయినా రావచ్చని పాణినే చెప్పాడు (6.4.75).

దాని లోపలి కట్టు కూడా చూడండి. వచ్ ధాతువుకు ఉమ్ ఆగమం పెట్టి (7.4.20) వ-ఉ-చ్ → వోచ్ అని పాణిని సాధిస్తాడు. చరిత్రలో అది అభ్యాసం: *వె-వ్క్వ్-ఒమ్, రెండో వ్ ఉ అయి వ-ఉచ్ → వోచ్. గ్రీకులో ఇదే రూపం ఎఇపొన్, "చెప్పాను". రెండు వకారాలు దగ్గరపడటంతో గ్రీకు రెండోదాన్ని ఇ చేసింది. కాబట్టి వోచమ్‌లో అభ్యాసం కనబడకపోయినా ఉంది.

కొత్తపాఠి
మూడో ప్రశ్న కూడా తేల్చేయండి. లఙ్ (అహన్, అభినత్), లుఙ్ (వోచమ్), లిట్ (చకార, తతర్ద) మూడూ ఎందుకు?

లిట్‌పాఠి
మూలభాషలో ఇవి మూడు కాలాలు కావు, పనిని చూసే మూడు తీరులు. సాగుతున్న పని (వర్తమానమైన లట్, లఙ్ దీని సంతానం), మొత్తంగా ఒక్క ముక్కగా చూసిన పని (లుఙ్), పని వల్ల ఏర్పడి ఇప్పుడున్న స్థితి (లిట్). లిట్‌కు మొదట భూతార్థం లేదు. దీనికి బలమైన సాక్ష్యం వేద, "ఎరుగుదును". రూపం లిట్, అర్థం వర్తమానం, అభ్యాసం లేదు:

వేద, వేత్థ, విద్మ
గ్రీకు: ఒయ్ద, ఒయ్‌స్థ, ఇద్మెన్
గోథిక్ (పాత జర్మానిక్ భాష): వైట్, వైస్ట్, విటుమ్

మూడు భాషల్లోనూ ఏకవచనంలో నిండు అచ్చు, బహువచనంలో ఖాళీ. మూడింటిలోనూ అర్థం వర్తమానం. పాణిని దీన్ని లిట్‌లో వేయలేదు. "విదో లటో వా" (3.4.83): ఇది లట్టే, ప్రత్యయాలు మాత్రం లిట్‌వి అన్నాడు. అర్థాన్నీ రూపాన్నీ విడిగా చూడటమంటే అదీ.

ఇంకొకటి, ఋగ్వేదం 5.44.14: "యో జాగార తమృచః కామయంతే". మేలుకొని ఉన్నవాణ్ని ఋక్కులు కోరుకుంటాయి. జాగార లిట్, అర్థం "మేలుకొని ఉన్నాడు". గ్రీకులో ఎగ్రేగొర, అదే అర్థం. శివరాత్రికి మనం చేసే జాగారం ఈ ధాతువుదే. తర్వాత ఈ లిట్ నుంచే జాగర్తి అనే కొత్త లట్ పుట్టింది.

"ఉన్న స్థితి" నుంచి "జరిగిపోయింది"కి జారడం సులువు. ఋక్కులో "యాని చకార": చేసిన ఘనత ఇంద్రుడికి ఇప్పటికీ ఉంది. తతర్ద: నీళ్లకు దారి తెరుచుకునే ఉంది. అహన్, అభినత్ మాత్రం కథనం. పాణిని కాలానికి లిట్ పరోక్షభూతం, అంటే కళ్లారా చూడని గతం (3.2.115) అయిపోయింది. "ఇతిహాసం" అన్న మాటలో ఆ అర్థమే ఉంది: ఇతి-హ-ఆస, "ఇలా ఉండెనట". ఆస అస్ ధాతువు లిట్.

లాటిన్ లుఙ్‌నూ లిట్‌నూ ఒకే పెట్టెలో పోసింది. దెదీ ("ఇచ్చాను") అభ్యాసంతో లిట్ వైపుది, దీక్సీ ("చెప్పాను") సకారంతో లుఙ్ వైపుది, గ్రీకు ఎదెయ్‌క్స పక్కన పెట్టాల్సింది. కానీ దీక్సీ చివరి ఈ లిట్ ప్రత్యయం. ఒక్క రూపంలో రెండు అతికాయి.

త్రిలింగ
సంస్కృతం లట్‌లోని "-మి" నుంచే తెలుగు "-ను" (వెళ్తాను, చేశాను) వచ్చిందనవచ్చా?

శ్నమ్‌విధి
అనలేమండీ. తెలుగు క్రియ ద్రావిడం. "-ను" మన "నేను"కు చెందినది. ధాతువు లోపల ఎ/ఒ/శూన్యం మారే పద్ధతి మన క్రియాపదాల్లో లేదు, ప్రత్యయాలు వరసగా చేరతాయి. ఈస్టిండియా కంపెనీ అధికారి ఎల్లిస్ 1816లోనే, క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని ధాతువులు పక్కపక్కన పెట్టి చూపాడు. సంస్కృత ధాతువు తెలుగులోకి రావాలంటే "ఇంచు" తగిలించుకోవాలి: రక్షించు, భుజించు. తిఙంతం (పూర్తి క్రియారూపం) తిఙంతంగా వచ్చినవి "తథాస్తు" లాంటివి కొన్నే.

కొత్తపాఠి
తర్వాతి ఋక్కు (1.32.2) చివరి క్రియ ప్రయత్నించాను, చూడండి. "అవ జగ్మురాపః". అవ + జగ్ముః. అభ్యాసం జ (ఎ ముందు తాలవ్యం), ధాతువు గ్మ్ (స్వరం ప్రత్యయం మీద, అచ్చు పోయింది), ప్రత్యయం ఉః. సంధిలో ర్ కనిపిస్తోంది కాబట్టి ప్రత్యయం అసలు హల్లు ర్ అని తేల్చాను.

గాథాయస్న
విభజన అంతా సరిగ్గా ఉంది. తేల్చింది కూడా నిజమే, కానీ చూపిన ఆధారం నిలవదు. ఉ తర్వాత పదం చివర స్ ఉన్నా అచ్చు ముందు ర్ అవుతుంది (8.2.66), పాణిని ప్రత్యయాన్ని ఉస్ అనే అన్నాడు. కాబట్టి "జగ్మురాపః" రెండు వైపులా సాక్ష్యం చెబుతుంది. ర్ అని నిలబెట్టేది బయటి భాషలు: మన ఆసుః పక్కన అవెస్తా ఆంగ్‌హరె, లాటిన్ ఫుఏరె ("ఉండిరి"), హిత్తైటు భూతకాల బహువచనం -ఎర్. వాటిని మీ కాగితంలో "సంధి" గడిలో కాకుండా "పోలిక" గడిలో రాసుకోండి. అదే ఋక్కులో తతక్ష కూడా ఉంది, అక్కడ క అక్షరం మూసి ఉందా తెరిచి ఉందా చూసి చెప్పండి.